మూతి వంకర పోయినప్పుడు: నూనె, పసరు, సూది, స్టెరాయిడ్

ఒక ఆదివారం పొద్దున మా మేనత్త పళ్లు తోముకుని నీళ్లు పుక్కిలిస్తుంటే, ఎడమ మూల నుంచి నీళ్లు జారి చీర మీద పడ్డాయి. రెండోసారీ అంతే. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపు లాక్కుపోయి ఉంది. ఎడమ కన్ను మూత పడటం లేదు. గంట తిరక్కుండానే ఇంట్లో నాలుగు సలహాలు తయారయ్యాయి. పక్కింటావిడ వెల్లుల్లి పాలు తాగించమంది. మామయ్య స్నేహితుడు ఒక ఊరి పేరు చెప్పి, "అక్కడ పసరు పోస్తారు, వరసగా మూడు ఆదివారాలు వెళ్తే చాలు" అన్నాడు. మేనల్లుడు ఫోన్లో వీడియో చూపించాడు, చెవి వెనక ఎక్కడో నొక్కితే సర్దుకుంటుందట. నాలుగో మాట మా అత్తదే: "నిన్న రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. చలిగాలి కొట్టినట్టుంది. అదే పోతుందిలే."

ఈ నాలుగింటిలో ఏది నమ్ముకున్నా ఆమె మూతి సరి అయ్యే అవకాశమే ఎక్కువ. ఈ జబ్బు చుట్టూ అల్లుకున్న వైద్యాలన్నిటికీ పేరు రావడం వెనక అసలు గుట్టు ఇదే. అయితే "ఎక్కువ" అంటే "అందరికీ" అని కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

## ఎముకలో ఇరుక్కున్న నరం

హఠాత్తుగా ముఖంలో ఒక వైపు కదలిక పోయి, దానికి వేరే కారణం ఏదీ కనబడకపోతే డాక్టర్లు దాన్ని బెల్స్ పాల్సీ అంటారు. స్కాట్లాండ్‌లో పుట్టిన సర్జన్ చార్లెస్ బెల్ 1821లో ముఖ నరం పనితీరును వివరించాడు, ఆ పేరు అలా స్థిరపడింది. ఈ జబ్బును మొదట గుర్తించింది మాత్రం ఆయన కాదు. దాదాపు వెయ్యేళ్లకు ముందే పర్షియా వైద్యుడు అల్ రాజీ దీని గురించి రాశాడు.

మెదడు నుంచి బయల్దేరే ఏడో నరం ముఖాన్ని కదిలిస్తుంది. నవ్వడం, కన్ను మూయడం, ఈల వేయడం, కనుబొమలు ఎగరేయడం అన్నీ దాని పనులే. అది ముఖానికి చేరే ముందు చెవి వెనక ఎముకలో సన్నటి సొరంగం గుండా వస్తుంది. బాగా ఇరుకైన చోట ఆ సొరంగం వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నరం ఏ కారణంతోనైనా వాస్తే ఉబ్బడానికి చోటుండదు కాబట్టి తనను తానే నొక్కేసుకుంటుంది. కరెంటు తీగ తెగలేదు, నలిగింది అనుకోండి. కొద్దిగా నలిగితే వాపు దిగగానే కోలుకుంటుంది. బాగా నలిగితే లోపలి పోగులు చచ్చిపోయి మళ్లీ పెరగాలి. రోజుకు మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి, అంటే నెలలు పడుతుంది.

ఎందుకు వాస్తుందన్న దానికి అందరూ ఎక్కువగా ఒప్పుకునే సమాధానం ఒక వైరస్. పెదవి మీద పొక్కులు తెప్పించే హెర్పీస్ రకమే. 1996లో జపాన్ డాక్టర్లు ఆపరేషన్ చేసిన 14 మంది రోగుల నరం లోపలి ద్రవాన్ని పరీక్షిస్తే 11 మందిలో దాని ఆనవాళ్లు దొరికాయి. చలిగాలి మాట మన బామ్మలు ఒక్కరే చెప్పేది కాదు, చాలా దేశాల్లో ఉంది. దానికి గట్టి రుజువు మాత్రం లేదు. షుగర్ ఉన్నవాళ్లలో, గర్భం చివరి నెలల్లో ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా వస్తుందన్నది తేలిన విషయం.

ఇది అరుదైనదేం కాదు. వేరే దేశాల లెక్కల ప్రకారం ఏడాదికి లక్షకు 20 నుంచి 30 మందికి వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 8.46 కోట్లు. అదే రేటు ఇక్కడా ఉందనుకుంటే మన రెండు రాష్ట్రాల్లో ఏటా 17 వేల నుంచి 25 వేల మంది. పసరు పోసే ఊళ్లకు ఆదివారాలు అంత రద్దీ ఎందుకో ఈ అంకె చూస్తే తెలుస్తుంది.

ఇంకో చిన్న సంగతి. మూతి ఎటు లాక్కుపోతే ఆ వైపే చెడిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి బాగున్న వైపు కండరాలే గుంజుతాయి, చచ్చుబడిన వైపు వాటికి ఎదురు నిలవలేదు. మా అత్తకు మొదటి రోజు ఆముదం కాపడం పెట్టింది కుడి చెంపకు. జబ్బు ఎడమవైపు ఉంది.

## 'పక్షవాతం' అనే మాటతో వచ్చే తికమక

తెలుగులో స్ట్రోక్‌నూ పక్షవాతమే అంటాం, దీన్నీ ముఖ పక్షవాతమే అంటాం. హైదరాబాద్‌లో రెంటికీ లక్వా అనే మాట వినబడుతుంది. ఒకటి మెదడులో రక్తప్రసరణ దెబ్బతినడం వల్ల, రెండోది మెదడు బయట నరం నలగడం వల్ల. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ మా అత్తను మొదట అడిగింది ఒక్కటే: "కనుబొమలు పైకెత్తండమ్మా." కుడివైపు నుదుటి మీద మూడు గీతలు పడ్డాయి. ఎడమవైపు నున్నగా ఉండిపోయింది.

ఆ నున్నటి నుదురు చాలా చెబుతుంది. నుదుటి కండరాలకు మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. అందుకే మామూలు స్ట్రోక్‌లో మెదడు ఒక వైపు దెబ్బతిన్నా నుదురు ముడత పడుతుంది, మూతి మాత్రమే వంకర పోతుంది. నరమే నలిగితే ఆజ్ఞ ఎటు నుంచి వచ్చినా దారి మూసుకుపోయి నుదురూ కదలదు. అయితే ఈ పరీక్ష వందకు వంద పాళ్లు నమ్మదగింది కాదు. మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో స్ట్రోక్ వస్తే నుదురు కూడా పడిపోవచ్చు. చెయ్యి తిమ్మిరి, మాట తడబాటు, తూలడం, రెండుగా కనబడటం కూడా ఉంటే లెక్క మారిపోతుంది. స్ట్రోక్‌లో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. పసరు ఊరికి బస్సెక్కి వెళ్లేసరికే ఆ సమయం దాటిపోతుంది.

చెవి లోపలో చుట్టూనో నీటి పొక్కులు, భరించలేని నొప్పి ఉంటే అది రామ్‌సే హంట్ సిండ్రోమ్. గాయకుడు జస్టిన్ బీబర్ 2022లో తనకు వచ్చిందని చెప్పింది ఇదే. చికెన్‌పాక్స్ వైరస్ ఏళ్ల తర్వాత నిద్రలేచి చేసే పని అది, కోలుకోవడం బెల్స్ పాల్సీ కంటే కష్టం. చెవిలో చీము, కుష్ఠు, కణితి లాంటి కారణాలూ ఉన్నాయి. కణితి వల్ల అయితే మూతి రాత్రికి రాత్రి కాదు, వారాల తరబడి మెల్లగా వంకర పోతుంది.

## వంద మంది లెక్క

ఏ మందూ ఇవ్వకపోతే ఈ జబ్బు ఏమవుతుంది? డెన్మార్క్‌లో పీటర్సన్ అనే వైద్యుడు ఏళ్ల తరబడి ఇదే గమనించి 2002లో లెక్కలు ప్రచురించాడు. 1,701 మంది బెల్స్ పాల్సీ రోగులు, ఎవరికీ మందు లేదు. మూడు వారాల్లోపే 85 శాతం మందిలో కదలిక మొదలైంది. చివరికి 71 శాతం మందికి ముఖం పూర్తిగా మామూలైంది. కొద్దిపాటి కదలిక మిగిలి ఉన్నవాళ్లను విడిగా చూస్తే 94 శాతం, మొత్తం చచ్చుబడినవాళ్లను చూస్తే 61 శాతం.

ఇప్పుడు మన పసరు వైద్యుడి దగ్గరికి వద్దాం. ఆయన మోసగాడేం కాదనుకుందాం, తన మందును నిజంగానే నమ్ముతాడు. ఏడాదిలో వంద మంది వచ్చారు. పసరులో ఏ గుణమూ లేకపోయినా మూడో ఆదివారానికి 85 మంది "కాస్త కదులుతోందండీ" అంటారు. కొన్ని నెలల్లో 71 మంది పూర్తిగా బాగైపోతారు. బాగైనవాళ్లు తాంబూలం, పళ్లు పట్టుకుని వచ్చి దండం పెడతారు, ఊళ్లో పదిమందికి చెబుతారు. మిగతా 29 మంది ఏమవుతారు? సిటీకి వెళ్లిపోతారు, లేదా "మనకు రాసిపెట్టి లేదు" అనుకుని ఊరుకుంటారు. వాళ్లు వైద్యుడికి మళ్లీ కనబడరు. ఆయన కళ్లతో చూస్తే ఆ మందు దాదాపు అందరికీ పని చేస్తున్నట్టే ఉంటుంది. మూడు వారాల కోర్సు, మూడు వారాల్లో కదలిక: ఈ రెండూ ఇంత చక్కగా కలవడం తరతరాల అనుభవం నేర్పిన కొలతే అయ్యుంటుందని నా అనుమానం.

కార్పొరేట్ ఆస్పత్రి డాక్టర్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఆయన రాసిన విటమిన్ ఇంజెక్షన్లతో "తగ్గిన" వాళ్లలో కూడా ఆ 71 మంది ఉంటారు. అందుకే ఏ మందు గురించైనా అడగాల్సింది తగ్గిందా అని కాదు. మందు లేకుండా తగ్గేవాళ్ల కంటే అదనంగా ఎంతమందికి తగ్గింది అని.

## స్టెరాయిడ్ ఆ పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకుంది

2007లో స్కాట్లాండ్‌లో జరిగిన ట్రయల్‌ను అందరూ ఉదహరిస్తారు. జబ్బు మొదలైన 72 గంటల్లోపు వచ్చిన 551 మందిని చీటీలు వేసినట్టు గుంపులుగా విడదీశారు. కొందరికి పది రోజులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, కొందరికి అలాగే కనబడే ఉత్తుత్తి మాత్ర. ఏది ఎవరికో రోగికీ తెలియదు, డాక్టర్‌కీ తెలియదు. మూడు నెలలకు స్టెరాయిడ్ వాడినవాళ్లలో 83 శాతం మందికి, వాడనివాళ్లలో 63.6 శాతం మందికి ముఖం పూర్తిగా బాగైంది. తొమ్మిది నెలలకు 94.4, 81.6.

నిక్కచ్చిగా చెప్పాలంటే, స్టెరాయిడ్ తీసుకున్న ప్రతి వంద మందిలో 80కి పైగా ఏమీ వాడకపోయినా కోలుకునేవాళ్లే. అసలు లాభం పొందింది పన్నెండు, పదమూడు మంది. చిన్న అంకెలా కనబడుతుంది గానీ, ఆ పదమూడు మందిలో మనం ఉంటామో ఉండమో మొదటి రోజు ఎవరూ చెప్పలేరు. వాపు ఉన్నప్పుడే దాన్ని దించాలి కాబట్టి 72 గంటల గడువు. వారం పోయాక మాత్రకు దించడానికి వాపు పెద్దగా మిగలదు. అదే ట్రయల్‌లో హెర్పీస్ మందు ఎసైక్లోవిర్ ఒక్కటే ఇస్తే లాభం కనబడలేదు.

స్టెరాయిడ్ అంటే మనవాళ్లకు ఉన్న భయం ఉట్టిది కాదు. పది రోజుల్లోనే షుగర్ ఎగబాకుతుంది, నిద్ర పట్టదు, కడుపులో మంట. షుగర్ 300 ఉన్న మనిషికి ఈ మాత్ర రాయాలంటే డాక్టర్ కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. పిల్లల విషయంలో లాభం తేలలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 187 మంది పిల్లలతో చేసిన ట్రయల్‌లో నెల తిరిగేసరికి స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆరు నెలలకు రెండు గుంపుల్లోనూ దాదాపు అందరూ బాగైపోయారు.

## అర్దితం, లక్వా: పాత వైద్యాలు చెప్పేది

ఆయుర్వేదం దీన్ని అర్దితం అంటుంది, 80 వాతరోగాల్లో ఒకటిగా లెక్కిస్తుంది. చరకుడి వర్ణనలో ముఖంతో పాటు సగం శరీరం కూడా పడిపోవచ్చు. సుశ్రుతుడు ముఖానికే పరిమితం చేశాడు. అంటే 'పక్షవాతం' తికమక అప్పటి నుంచీ ఉన్నదే. ఏ అర్దితం నయం కాదో కూడా సుశ్రుతుడు చెప్పాడు: రోగి చిక్కిపోయి ఉంటే, రెప్ప వేయలేకపోతే, మాట ముద్దగా వస్తుంటే, వణుకు ఉంటే, మూడేళ్లు దాటితే. రెప్ప అసలు పడని రోగిని విడిగా లెక్కించడం చూడండి. పీటర్సన్ లెక్కలో 94కూ 61కీ ఉన్న తేడా ఆ చూపుకు అందింది.

చికిత్సల్లో ముక్కులో నూనె చుక్కలు వేసే నస్యం, తలకు నూనె పట్టించడం, ఆవిరి కాపడం, క్షీరబలా తైలం మర్దనా ముఖ్యమైనవి. వెన్నతో మినపగారెలు తినమన్న సలహా కూడా ఉంది, ఇంతకంటే రుచిగల మందు నేను వినలేదు. వీటి మీద అధ్యయనాలు జరిగాయి గానీ కొద్దిమందితో, పోల్చడానికి రెండో గుంపు లేకుండా జరిగినవే ఎక్కువ. వంద మంది లెక్క తెలిశాక, రెండో గుంపు లేని అధ్యయనం ఎంత చెప్పగలదో చెప్పనక్కర్లేదు. దీనికి ఆయుర్వేద వైద్యుల జవాబు ఒకటుంది: మేము ఒక్కో మనిషి ప్రకృతిని బట్టి వైద్యం మారుస్తాం, అందరికీ ఒకే మాత్ర ఇచ్చి లెక్కపెట్టే పద్ధతిలో మా వైద్యం ఇమడదు. అందులో కొంత నిజం ఉంది. కానీ వైద్యుడు ఒక్కొక్కరికి ఒక్కోలా చేసినా, ఆయన దగ్గరికి వెళ్లిన గుంపునూ వెళ్లని గుంపునూ పోల్చవచ్చు.

గోరువెచ్చటి నూనె మర్దనాతో పెద్ద ప్రమాదం లేదు, హాయిగానే ఉంటుంది. లోపలికి తీసుకునే రసౌషధాల సంగతి వేరు. ముఖ పక్షవాతానికి తరచూ ఇచ్చే ఏకాంగవీర రసంలో పాదరసం, సీసం భస్మాల రూపంలో ఉంటాయి. శాస్త్రప్రకారం శుద్ధి చేస్తే దోషం ఉండదని వైద్యులు అంటారు. అయితే 2008లో అమెరికాలో ఇంటర్నెట్ ద్వారా కొన్న 193 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే దాదాపు 21 శాతంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది.

యునానీలో లక్వా రోగిని వెలుతురు తక్కువున్న గదిలో ఉంచడం, తేనె నీళ్లు పట్టించడం ఉన్నాయి. పావురం మాంసం వేడి చేస్తుందని తినిపించడం పాతబస్తీ వైపు ఇప్పటికీ వినబడే మాటే. పావురానికి తప్ప దానివల్ల ఎవరికీ పెద్దగా నష్టం లేదు.

ఆక్యుపంక్చర్ మీద ట్రయల్స్ ఎక్కువ, చాలావరకు చైనాలో. 2010లో, వైద్య ట్రయల్స్‌ను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 537 మంది పాల్గొన్న ఆరు ట్రయల్స్‌ను వడబోసి, నాణ్యత చాలక ఏ నిర్ణయానికీ రాలేమంది. 2013లో 338 మందితో ఒక మంచి ట్రయల్ వచ్చింది: సూది గుచ్చి గట్టిగా తిప్పినవాళ్లకు, ఊరికే గుచ్చి వదిలేసినవాళ్లకంటే ఆరు నెలలకు ఫలితం బాగుంది. కానీ రెండు గుంపులకూ స్టెరాయిడ్ ఇచ్చారు, రెండు గుంపులకూ సూదులు గుచ్చారు. కాబట్టి స్టెరాయిడ్ మానేసి సూదులకు వెళ్లడాన్ని అది సమర్థించదు. అదే ఏడాది అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల మార్గదర్శకాలు ఆక్యుపంక్చర్ గురించి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఫిజియోథెరపీ దగ్గర "కరెంటు పెట్టించుకోవడం" మన దగ్గర బాగా అలవాటు. త్వరగా తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. బబుల్ గమ్ నమలమనే సలహా ఇంకా విడ్డూరం. నమిలే కండరాలు ఐదో నరం కింద పనిచేస్తాయి, చెడింది ఏడోది.

## అసలు నష్టం జరిగే చోటు: కన్ను

ఇంతవరకూ చెప్పిన వైద్యాల్లో చాలావాటితో డబ్బు, సమయం పోతాయి, అంతే. కన్ను విషయంలో అలా కాదు. రెప్ప మూత పడకపోతే నల్లగుడ్డు ఎండిపోతుంది. దుమ్ము పడి గీసుకుంటే పుండవుతుంది, మానినా తెల్లటి మచ్చ మిగలొచ్చు. ఊళ్లలో కంట్లో పువ్వు వేసింది అనేది దాన్నే. మూతి మూడు నెలల్లో సరి కావచ్చు, పువ్వు పోదు. అందుకే డాక్టర్లు పగలు కన్నీటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పను ప్లాస్టర్‌తో మూసి పడుకోబెడతారు. చూడ్డానికి వైద్యంలా కూడా కనిపించని ఈ పని ఖర్చు చాలా తక్కువ.

నాటు వైద్యంలో ప్రమాదకరమైనవి సరిగ్గా ఇక్కడే ఉన్నాయి. ఎండిపోయిన కంట్లో ఆకు పసరు పిండితే మట్టి, బూజు కూడా దానితో పాటు లోపలికి వెళతాయి. చెవి వెనక వాత పెడితే మచ్చ మిగులుతుంది, నరానికి ఒరిగేదేమీ లేదు. షుగర్ ఉన్నవాళ్లకు ఆ పుండు మానడమే ఒక పెద్ద పని.

చట్టం కూడా ఈ సంగతిని ఎప్పుడో పట్టించుకుంది. పక్షవాతం నయం చేస్తామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. నిషేధం ప్రకటనకే, వైద్యానికి కాదు. గోడల మీద రాతలు, ఇప్పుడు ఫోన్లలో వీడియోలు చూస్తే ఆ చట్టం ఒకటుందని ఎవరికైనా గుర్తుందా అనిపిస్తుంది.

## నరం తప్పుదారిలో పెరిగితే

కోలుకోని కొద్దిమందికి కథ వేరేలా సాగుతుంది. చచ్చిన పోగులు మళ్లీ పెరిగేటప్పుడు దారి తప్పుతాయి. పెదవికి వెళ్లాల్సింది రెప్పకు చేరుతుంది, అప్పుడు నవ్వితే కన్ను మూసుకుపోతుంది. లాలాజలానికి వెళ్లాల్సింది కన్నీటి గ్రంథికి చేరితే అన్నం తింటుంటే కన్నీళ్లు కారతాయి. ఈ దశలో స్టెరాయిడ్ పనికిరాదు, పసరూ పనికిరాదు. బిగుసుకున్న కండరానికి బొటాక్స్ ఇంజెక్షన్, అద్దం ముందు కూర్చుని ఒక్కో కండరాన్నీ విడిగా కదిలించే సాధన, ఈ రెండే కాస్త ఆదుకుంటాయి. ఆ సాధనలో బలం పెట్టకూడదు. ఎంత మెల్లగా, ఎంత కొంచెంగా కదిలిస్తే అంత మంచిది.

పాత యునానీ వైద్యులు కూడా లక్వా రోగి చేతికి అద్దం ఇచ్చి, ముఖం చూసుకుంటూ సరిచేసుకోమనేవాళ్లు. నరాలు ఎలా పెరుగుతాయో వాళ్లకు తెలిసే వీలు లేదు. మా అత్తకు మూడో రోజే మాత్రలు మొదలుపెట్టారు, వెల్లుల్లి పాలు కూడా ఆపలేదు. పదకొండో వారంలో వంటింటి కిటికీకి తగిలించిన చేతి అద్దంలో చూసుకుంటూ, "ఇదిగో, ఇటు కూడా గీత పడుతోంది చూడరా" అని నుదురు చూపించింది. ఎడమవైపు ఒకటే గీత, సన్నగా.